ఫాంటసీ హాకీ ప్రశ్నలు – జవాబులు: రేపటి ఆటగాడికి ఈరోజు ఎంత ధర?

ఫాంటసీ హాకీలో నిజమైన ఆటగాళ్లతో మనం ఊహా జట్టు కట్టుకుంటాం. వాళ్లు మంచు మీద చేసే గోలులూ, గోలుకు తోడ్పడే పాస్‌లూ (అసిస్టులు) మనకు పాయింట్లవుతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇంకా నిలదొక్కుకోని కుర్రాడిని ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, ఎలా తూచాలి? ఇది 2025 వేసవి, అక్టోబరులో 2025-26 సీజన్ మొదలవుతుంది కాబట్టి బేరాలు వేడెక్కే కాలం ఇదే. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు కేటాయించాను. అందులోని చిక్కు చాలామందికి ఎదురయ్యేదే.

ప్రశ్న: మాది పన్నెండు జట్ల డైనాస్టీ లీగ్. ఆటగాళ్లందరినీ ఏటా అట్టిపెట్టుకోవచ్చు. గోలుకూ అసిస్టుకూ చెరో పాయింటు, అంతే. గత సీజన్‌లో మూడో స్థానంలో నిలిచాను. కుచెరోవ్, మెకినన్, రోమన్ జోసి నా జట్టుకు మూలస్తంభాలు. నిరుడు మా లీగ్ డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం) ఇవాన్ డెమిడోవ్‌ను తీసుకుని దాచుకున్నాను. ఇప్పుడు మా బావమరిది సిడ్నీ క్రాస్బీని ఇస్తాను, డెమిడోవ్‌ను ఇవ్వమంటున్నాడు. అతని జట్టు అడుగునుంచి మూడోది. ఇరవై ఏళ్లు ఆడాల్సిన కుర్రాడిని ఇచ్చి 38 ఏళ్ల వాడిని తెచ్చుకోవడానికి మనసు ఒప్పడం లేదు. పైగా హాకీ మా బావమరిదికి నాకంటే బాగా తెలుసు. ఇందులో ఏదో మర్మం ఉందేమోనని అనుమానం. మీ సలహా చెప్పండి.

జవాబు: క్రాస్బీని తీసుకోండి. కానీ మనిషికి మనిషి లెక్కన మాత్రం ఒప్పుకోవద్దు. మీ బావమరిది దగ్గర వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) కూడా అడగండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే ప్రశ్న మీ లీగ్‌లో పదో స్థానంలో ఉన్నవారు అడిగితే నా జవాబు పూర్తిగా తలకిందులయ్యేది.

కుర్రాళ్ల సంగతి వచ్చేసరికి అందరూ అడిగేది "ఎంతటివాడవుతాడు?" అని. నేను ముందుగా అడిగేది "ఎప్పుడవుతాడు?" అని. డెమిడోవ్ ప్రతిభ మీద నాకు రవ్వంత సందేహం లేదు. 2024 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మాంట్రియల్ అతణ్ని ఐదో స్థానంలో ఎంచుకుంది. ఆ తర్వాతి సీజన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఎస్‌కేఏ తరఫున రష్యా ప్రధాన లీగ్ కేహెచ్‌ఎల్‌లో 65 మ్యాచ్‌లాడి 49 పాయింట్లు చేశాడు. పందొమ్మిదేళ్లు నిండీ నిండని కుర్రాడు, పెద్దవాళ్ల మధ్య, మొదట్లో కోచ్ నాలుగైదు నిమిషాలకు మించి ఆడనివ్వని మ్యాచ్‌లు కూడా కలుపుకుని చేసిన పాయింట్లవి. 2025 ఏప్రిల్‌లో మాంట్రియల్ చేరి మొదటి మ్యాచ్‌లోనే ఒక గోలు, ఒక అసిస్టు సాధించాడు. అతని ఆటలో నాకు ముచ్చటేసేది వేగం కాదు, ఓపిక. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) స్టిక్ మీద ఉండగా ఎదుటి డిఫెన్స్‌మన్ ముందుగా కదిలేదాకా ఆగుతాడు. ఆ కదలికతో ఖాళీ అయిన చోటుకు పాస్ వెళ్లిపోతుంది. అది నేర్పితే వచ్చే విద్య కాదు.

అంతా ఒప్పుకుంటూనే లెక్కలోకి వద్దాం. 2023-24లో కానర్ బెడార్డ్ 68 మ్యాచ్‌ల్లో 61 పాయింట్లు చేశాడు. 2024-25లో మాక్లిన్ సెలెబ్రీని 70 మ్యాచ్‌ల్లో 63, మాత్వే మిచ్‌కోవ్ 80 మ్యాచ్‌ల్లో 63, లేన్ హట్సన్ 82 మ్యాచ్‌ల్లో 66 చేశారు. ఈ రెండేళ్లలో వచ్చిన రూకీల్లో తలమానికాలు వీళ్లే, వీళ్లందరూ తొలి ఏడాది 61 నుంచి 66 మధ్యే ఆగారు. డెమిడోవ్ కూడా అంతటివాడే అనుకుందాం. అన్నీ కలిసివస్తే మీకు ఈ సీజన్‌లో దక్కేది అరవై పైచిలుకు పాయింట్లు. క్రాస్బీ 2024-25లో, 37 ఏళ్ల వయసులో, 80 మ్యాచ్‌ల్లో 91 చేశాడు. మ్యాచ్‌కు ఒక పాయింటు తగ్గకుండా అతనికది ఇరవయ్యో సీజన్. దిగ్గజం గ్రెట్జ్‌కీ కూడా పంతొమ్మిది దగ్గరే ఆగాడు. తేడా దాదాపు ముప్పై పాయింట్లు. మూడో స్థానానికీ మొదటి స్థానానికీ మధ్య మీ లీగ్‌లో ఎంత తేడా వచ్చిందో నిరుటి పట్టిక తీసి చూడండి. ముప్పై పాయింట్లు దాన్ని పూడ్చగలిగితే సగం జవాబు మీకు దొరికినట్టే.

ఇక మీ మూలస్తంభాల వయసు. సీజన్ మొదలయ్యేసరికి కుచెరోవ్‌కు 32, మెకినన్‌కు 30, జోసికి 35. గత సీజన్‌లో కుచెరోవ్ 121 పాయింట్లు, మెకినన్ 116. ఇలాంటి ఇద్దరు ఒకే జట్టులో ఉండే కాలం మళ్లీ మళ్లీ రాదు. డెమిడోవ్ 23, 24 ఏళ్లకు వచ్చి తన పూర్తి ఆట ఆడేసరికి 2029, 2030 అవుతుంది. అప్పటికి కుచెరోవ్ 36 దాటతాడు. అంటే మీ కుర్రాడు పండే వేళకు మీ పెద్దలు తప్పుకుంటుంటారు. ఇద్దరూ ఒకే జెర్సీలో ఒకేసారి వెలిగే రోజు మీకు లేనే లేదు. క్రాస్బీ ఒప్పందం 2026-27 సీజన్‌తో ముగుస్తుంది. మీ పెద్దలకు మిగిలిన మంచి కాలం కూడా ఇంచుమించు అంతే. కాలాలు కలిశాయి కాబట్టే క్రాస్బీ మీకు సరిపోతాడు. వాళ్లిద్దరిలో ఎవరు గొప్ప అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

మరో మాట. మాంట్రియల్‌లో పవర్ ప్లే (శిక్ష వల్ల ఎదుటి జట్టు ఒక ఆటగాడు తక్కువగా ఆడే సమయం) మొదటి దళం నిరుడు సుజుకి, కాఫీల్డ్, స్లాఫ్‌కోవ్‌స్కీ, లైనే, హట్సన్‌లతో నిండి ఉంది. లైనే 20 గోలులు కొడితే అందులో 15 పవర్ ప్లేలో వచ్చినవే. డెమిడోవ్ ఆ ఐదుగురిలో ఒకరిని పక్కకు జరిపితేనే అరవై అనే అంకె సాధ్యమవుతుంది. రెండో దళంలో మిగిలితే నలభై ఐదు, యాభై దగ్గర ఆగవచ్చు. సెప్టెంబరు శిక్షణ శిబిరం వార్తల్లో నేను మొట్టమొదట వెతికేది ఇదే. ప్రాక్టీసు మ్యాచ్‌లో ఎన్ని గోలులు కొట్టాడన్నది కాదు, పవర్ ప్లే సాధనలో ఎవరి పక్కన నిలబెట్టారన్నది చూడండి.

ఇప్పుడు మీ భయం సంగతి. 2013 ఏప్రిల్‌లో వాషింగ్టన్ తన కుర్రాడు ఫిలిప్ ఫోర్స్‌బర్గ్‌ను నాష్‌విల్‌కు ఇచ్చి మార్టిన్ ఎరాట్‌నూ మైకేల్ లాటానూ తెచ్చుకుంది. రెండేళ్లు తిరిగేసరికి ఫోర్స్‌బర్గ్ 63 పాయింట్లు చేశాడు. ఎరాట్ వాషింగ్టన్‌లో నిలవనే లేదు. కుర్రాణ్ని ఇచ్చే ప్రతివారి కలలోకీ ఆ ట్రేడ్ వస్తుంది. కానీ అక్కడ తప్పు కుర్రాణ్ని ఇవ్వడంలో లేదు. 31 ఏళ్ల ఒక మోస్తరు వింగర్‌కు అంత ధర కట్టడంలో ఉంది. మీకు వస్తున్నది క్రాస్బీ.

ఇక మర్మం. ఉంది, కానీ మోసం కాదు. క్రాస్బీని వదులుకున్న మీ బావమరిది జట్టు వచ్చే సీజన్‌లో ఇంకా కిందికి జారుతుంది. దాంతో అతని మొదటి రౌండ్ పిక్ పైకి ఎక్కుతుంది. 2026 డ్రాఫ్ట్‌లో గావిన్ మెక్‌కెన్నా ఉన్నాడు. కెనడా జూనియర్ జట్టు మెడిసిన్ హ్యాట్‌లో 56 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు చేసిన కుర్రాడు. ఒక్క ట్రేడ్‌తో డెమిడోవ్‌నూ, మెక్‌కెన్నాను అందుకునే అవకాశాన్నీ మీ బావమరిది దక్కించుకుంటాడు. తెలివైన ఆలోచన, తప్పు పట్టేదేమీ లేదు. అయితే ఆ లాభంలో మీకూ వాటా రావాలి. ఆ పిక్ అడగండి. ససేమిరా అంటే రెండో రౌండ్ పిక్‌తో పాటు అతని దగ్గరున్న మరో కుర్రాణ్ని అడగండి. అదీ కాదంటే, నేనైతే మనిషికి మనిషి లెక్కన ఇవ్వను. మీ డెమిడోవ్‌పై కన్నున్నవారు మిగతా పది జట్లలో తప్పకుండా ఉంటారు.

ఈ ఒక్క వేసవి మాత్రం బేరంలో పైచేయి మీదే. ఇంకా పూర్తి సీజన్ ఆడని కుర్రాడి మీద ఆశకు హద్దు ఉండదు. ఆడిన తర్వాత ఆ స్థానంలో అంకెలుంటాయి. జాక్ హ్యూస్‌ను చూడండి. 2019లో మొదటి పిక్. తొలి సీజన్‌లో 61 మ్యాచ్‌ల్లో 21 పాయింట్లు. అంతకు నెలల ముందు ఏం అడిగినా ఇవ్వడానికి సిద్ధపడినవారు మొహం తిప్పుకున్నారు. 2022-23లో అతను 99 పాయింట్లు చేశాడు. ఆటగాడు నిలకడగా ఎదుగుతూనే ఉన్నాడు, ఎగిరిపడింది అతని ధర. డెమిడోవ్‌ను మీరు నిజంగా ఇష్టపడితే, తొలి ఏడాది అతను తడబడినప్పుడు తిరిగి కొనుక్కునే దారి కూడా తెరిచే ఉంటుంది.

ప్రశ్న: మా లీగ్ కొత్తవాళ్ల డ్రాఫ్ట్‌లో ఆరో పిక్ నాది. నాకు పోర్టర్ మార్టోన్ కావాలి. నా మిత్రుడు జేమ్స్ హేగెన్స్‌ను తీసుకోమంటున్నాడు. ఇంకొకరు ఆ పిక్ ఇస్తే తన 55 పాయింట్ల వింగర్‌ను ఇస్తానన్నారు. జూనియర్‌లో వంద పాయింట్లు చేసినవాడు ఎన్‌హెచ్‌ఎల్‌కు ఎన్నాళ్లకు వస్తాడు?

జవాబు: "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అనే సామెత జూనియర్ హాకీకి పూర్తిగా వర్తించదు. ముందు ఆ పువ్వు ఏ నెలలో పుట్టిందో చూడాలి.

డ్రాఫ్ట్‌కు సెప్టెంబరు 15 గడువు తేదీ. ఆ రోజుకు 18 నిండినవాళ్లే ఆ ఏటి డ్రాఫ్ట్‌కు అర్హులు. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయి, 2016లో మొదటి పిక్ అయ్యాడు. తొలి సీజన్‌లోనే 40 గోలులు కొట్టాడంటే, ఆ అదనపు ఏడాది కూడా అందులో ఒక చెయ్యి వేసింది. 2025 డ్రాఫ్ట్‌నే తీసుకోండి. మొదటి పిక్ మాథ్యూ షేఫర్ 2007 సెప్టెంబరు 5న పుట్టాడు. మరో పదకొండు రోజులు ఆగి పుట్టి ఉంటే 2026 డ్రాఫ్ట్ దాకా ఆగాల్సి వచ్చేది. మీరు అడిగిన మార్టోన్ 2006 అక్టోబరులో, హేగెన్స్ 2006 నవంబరులో పుట్టారు. షేఫర్ కంటే ఇద్దరూ ఇంచుమించు ఏడాది పెద్దవాళ్లు. పద్దెనిమిదేళ్ల వయసులో ఏడాదంటే నాలుగైదు కిలోల కండ, గోడ దగ్గర పక్ కోసం జరిగే పెనుగులాటలో నిలబడే బలం. అందుకే జూనియర్ జట్టు బ్రాంప్టన్‌లో మార్టోన్ 57 మ్యాచ్‌ల్లో చేసిన 98 పాయింట్లను నేను మెచ్చుకుంటాను, కానీ కాస్త తగ్గించి చదువుకుంటాను. 2007 ఫిబ్రవరిలో పుట్టిన మైకేల్ మీసా 65 మ్యాచ్‌ల్లో 134 చేశాడు. పక్కపక్కన పెడితే మీసా అంకె ఇంకా బరువైనది. అయితే అతను మీ ఆరో పిక్ దాకా మిగిలి ఉండడు.

ఎప్పుడొస్తాడన్నదానికి నియమాలు తెలియాలి. కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి డ్రాఫ్ట్ అయిన 18, 19 ఏళ్ల కుర్రాణ్ని ఎన్‌హెచ్‌ఎల్ జట్టు తన దగ్గర ఉంచుకోవాలి, లేదంటే జూనియర్‌కు తిప్పి పంపాలి. మధ్యలో ఉన్న రెండో శ్రేణి లీగ్ ఏహెచ్‌ఎల్‌కు పంపడానికి, 2025-26 సీజన్‌కు వర్తించే లీగ్-ఆటగాళ్ల సంఘం ఒప్పందం ఒప్పుకోదు. తొమ్మిది మ్యాచ్‌ల వరకు ఆడించి వెనక్కి పంపితే అతని తొలి ఒప్పందంలో ఏడాది ఖర్చు కాదు. అందుకే అక్టోబరు చివర్లో కుర్రాళ్ల పేర్లు ఒక్కసారిగా జాబితాలోంచి మాయమవుతుంటాయి. 2025 నుంచి ఇంకో మార్పు వచ్చింది. జూనియర్‌లో ఆడినవాళ్లకూ అమెరికా కాలేజీ హాకీ తలుపులు తెరుచుకున్నాయి. 2025-26 సీజన్‌కు మార్టోన్ మిషిగన్ స్టేట్‌కు వెళ్తున్నాడు, హేగెన్స్ బాస్టన్ కాలేజీలోనే కొనసాగుతున్నాడు. కాలేజీ సీజన్ ముగిసేదాకా వాళ్లిద్దరిలో ఎవరూ మీకు ఒక్క పాయింటు కూడా తేరు.

అందువల్ల మీ జట్టులో కుర్రాళ్లకు విడిగా చోటు ఉందా లేదా అన్నదే మీ నిర్ణయాన్ని తేల్చాలి. ఉంటే మార్టోన్‌ను తీసుకోండి. పొడవు, బలం, గోలు ముందు చేతివాటం మూడూ ఉన్న వింగర్, ఆగినందుకు ఫలం దక్కుతుంది. చోటు లేక మామూలు బెంచి మీదే కూర్చోబెట్టాలంటే, ఆ 55 పాయింట్ల వింగర్‌ను తీసుకోవడమే మేలు. ఏడాది పొడవునా ఖాళీగా ఉండే ఒక బెంచి స్థానం ఎంత ఖరీదైనదో, డిసెంబరులో ఇద్దరు గాయపడితే తెలిసివస్తుంది.

ప్రశ్న: గోలీ (వల కాపలా ఆటగాడు) కుర్రాళ్లలో యారోస్లావ్ అస్కరోవ్ కోసం నా దగ్గరున్న 60 పాయింట్ల సెంటర్‌ను అడుగుతున్నారు. ఇవ్వచ్చా?

జవాబు: ఇవ్వకండి. అస్కరోవ్ మీద నాకు చాలా నమ్మకం ఉంది, అయినా ఇవ్వద్దనే చెబుతున్నాను.

ఫార్వర్డ్ కుర్రాడికి జట్టులో పన్నెండు చోట్లు ఉంటాయి. గోలీకి ఒక్కటే వల. ఆ వల ముందు నిలబడ్డ పెద్దాయన కదిలితే తప్ప ఎంతటి ప్రతిభ ఉన్నా పనికిరాదు. అస్కరోవ్ కథే దీనికి సాక్ష్యం. 2020లో నాష్‌విల్ అతణ్ని పదకొండో స్థానంలో ఎంచుకుంది. 2024 జూలైలో అదే జట్టు యూసే సారోస్‌తో ఎనిమిదేళ్లకు ఒప్పందం పొడిగించింది. అంటే దారి మూసుకుపోయింది. నెలన్నర తిరిగేసరికి అస్కరోవ్ సాన్ హోసే చేరాడు. అతని చేతిలో ఏమీ మారలేదు, ముందున్న మనిషి సంతకం మారింది. గోలీ కుర్రాడి మీద ఆశ పెట్టుకునేవాళ్లు అతని సేవ్ శాతం (ఆపిన షాట్ల శాతం) కంటే ముందు, అతనికి పైనున్నవాడి ఒప్పందం ఎన్నేళ్లుందో చూడాలి.

గోలీల విషయంలో డ్రాఫ్ట్ స్థానం కూడా చాలా బలహీనమైన ఆధారం. హెల్‌బెక్ 130వ స్థానంలో, షెస్టర్కిన్ 118వ స్థానంలో వచ్చారు. షెస్టర్కిన్ ఎన్‌హెచ్‌ఎల్ వల ముందు నిలబడేసరికి అతనికి 24 ఏళ్లు. కాల్గరీ గోలీ డస్టిన్ వుల్ఫ్‌ను 2019లో 214వ స్థానంలో తీసుకున్నారు. ఆ డ్రాఫ్ట్‌లో అతని తర్వాత మిగిలింది ముగ్గురే. ఆ కుర్రాడే 2024-25లో 29 విజయాలు సాధించి, ఆ ఏడాది ఉత్తమ రూకీకి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ ఓట్లలో రెండో స్థానంలో నిలిచాడు. పొట్టివాడని పక్కన పెట్టినవాళ్లందరి మధ్య ఎదిగిన ఆ కుర్రాణ్ని చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. కానీ మీకు ఇందులో ఉన్న పాఠం వేరు. 60 పాయింట్ల సెంటర్‌ను ఇవ్వకుండానే, డ్రాఫ్ట్ చివరి రౌండ్లలోనో, ఎవరూ తీసుకోని జాబితాలోనో మీకు మంచి గోలీ దొరికే అవకాశం ఉంది. చివరి పిక్‌తో ఒకరిద్దరిని తీసుకుని ఆగండి. ఆ సెంటర్ మీ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: 2020లో మొదటి పిక్‌గా తీసుకున్న అలెక్సిస్ లాఫ్రెనియర్‌ను ఇంకా వదల్లేదు. ఏటా "ఈ ఏడాదే" అనుకుంటున్నాను. ఎంతకాలం ఆగాలి?

జవాబు: అతణ్ని ఇక వర్ధమాన ఆటగాడిగా లెక్కించడం మానేయండి. మీ సమస్య అక్కడే ఉంది. ఐదు సీజన్లలో 21, 31, 39, 57, 45 పాయింట్లు చేశాడు. 2025 అక్టోబరులో 24 నిండుతాయి. ఇది యాభై పాయింట్ల అటూ ఇటూ ఆడే వింగర్ పట్టిక. ఈ అంకెల్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు. న్యూయార్క్ రేంజర్స్ కూడా అతణ్ని అలాగే చూసి, నిరుడు ఏడేళ్ల ఒప్పందం ఇచ్చింది. 2023-24లో అతను కొట్టిన 28 గోలుల్లో దాదాపు అన్నీ పవర్ ప్లే బయట, పనారిన్ పక్కన ఆడుతూ వచ్చినవే. ఇరు జట్లూ సమానంగా ఉన్నప్పుడు అన్ని గోలులు చేయడం గొప్ప విషయమే. అయినా పవర్ ప్లే మొదటి దళంలో చోటు దొరకనంతకాలం అతను 70 పాయింట్లు దాటడం కష్టం.

మీ లీగ్‌లో ఎవరో ఒకరికి 2020 నాటి లాఫ్రెనియర్ ఇంకా కళ్లముందు మెదులుతూనే ఉంటాడు. అలాంటివారు 65 పాయింట్ల ఆటగాణ్ని ఇస్తామంటే ఆలోచించకుండా ఇచ్చేయండి. అంత ఇచ్చేవారు లేకపోతే, యాభై పాయింట్ల వింగర్‌గా జట్టులో ఉంచుకోండి. ఏటా "ఈ ఏడాదే" అనుకునే భారం మాత్రం దించేసుకోండి.

ఎంతకాలం ఆగాలన్న ప్రశ్నకు ఒకే కొలత చెప్పలేను. చూడాల్సింది పాయింట్లను కాదు, మంచు మీద గడిపే నిమిషాలను. డ్రైసైట్ల్ తొలి ఏడాది 37 మ్యాచ్‌ల్లో 9 పాయింట్లు చేశాడు, సీజన్ మధ్యలో జూనియర్‌కు వెనక్కి పంపేశారు. మరుసటి ఏడాది 51. ఆ తర్వాత 77. అతని నిమిషాలు ఏటా పెరుగుతూనే వచ్చాయి. కోచ్ నమ్ముతున్నాడంటే మీరూ ఆగవచ్చు. 2012 మొదటి పిక్ నెయిల్ యాకుపోవ్ దీనికి వ్యతిరేకం. తొలి ఏడాది 48 మ్యాచ్‌ల్లో 31 పాయింట్లు చేసి ఆశలు రేపాడు. ఆ తర్వాత అతనికి దొరికే చోటు కుంచించుకుపోతూ వచ్చింది. మొత్తం 350 మ్యాచ్‌ల్లో 136 పాయింట్లతో అతని ఎన్‌హెచ్‌ఎల్ ప్రయాణం ముగిసింది. పద్దెనిమిదేళ్లకే అంత బరువు మోసిన ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న: జాక్ హ్యూస్‌ను ఇస్తే ముగ్గురు మంచి కుర్రాళ్లను ఇస్తామంటున్నారు. ముగ్గురిలో ఒక్కడైనా హ్యూస్ అంతటివాడు కాకపోతాడా?

జవాబు: కాకపోవచ్చు. ముగ్గురూ కాకపోవచ్చు. పైగా ముగ్గురిని చేర్చుకోవాలంటే మీ జట్టులోంచి మరో ఇద్దరిని వదిలేయాలి. ఆ ఇద్దరి పాయింట్లు కూడా ఈ ట్రేడ్ ధరలో భాగమే. ఆ సంగతి అవతలివారు మీకు చెప్పరు.

నిజమైన జట్లకు ఇలాంటి ట్రేడ్ ఎందుకు లాభిస్తుందో, మనకు ఎందుకు లాభించదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2018 జూలైలో బఫలో తన రయన్ ఓరైలీని సెయింట్ లూయిస్‌కు ఇచ్చి టేజ్ థాంప్సన్, బెర్‌గ్లండ్, సొబోట్కా అనే ముగ్గురు ఆటగాళ్లనూ రెండు పిక్‌లనూ తీసుకుంది. పదకొండు నెలలు తిరిగేసరికి సెయింట్ లూయిస్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఓరైలీకే దక్కింది. బఫలో మాత్రం ఎదురుచూస్తూ కూర్చుంది. 2020-21లో కూడా థాంప్సన్ 38 మ్యాచ్‌ల్లో 14 పాయింట్లే చేశాడు. ఆ తర్వాతి ఏడాది అతణ్ని వింగ్ నుంచి సెంటర్‌కు మార్చారు, 38 గోలులు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది 47. చివరికి బఫలోకూ మేలే జరిగింది, మూడేళ్ల తర్వాత. జీతం ఇచ్చి, ఏహెచ్‌ఎల్‌లో ఆడించి, స్థానం మార్చి చూసే వెసులుబాటు బఫలోకు ఉంది. మీ బెంచి మీద మూడేళ్లు 14 పాయింట్లవాణ్ని కూర్చోబెట్టే వెసులుబాటు మీకుందా? 2021 నాటికి ఫాంటసీ జట్లలో చాలామంది థాంప్సన్‌ను వదిలేసే ఉంటారు. ముగ్గురిలో ఒకడు నిజంగా హ్యూస్ అంతటివాడైనా, ఆ రోజుకు అతను మీ జట్టులోనే ఉంటాడన్న భరోసా లేదు.

హ్యూస్‌ను ఇవ్వాల్సి వస్తే ఒకే ఒక్క పెద్ద ఆటగాణ్ని అడగండి. దానికి అదనంగా ఒక కుర్రాడు వస్తే సరే.

ప్రశ్న: మా లీగ్‌లో పాయింట్లతో పాటు హిట్లు (ఎదుటివాణ్ని ఢీకొట్టడం), బ్లాకులు (షాట్‌కు అడ్డుపడటం), షాట్లు కూడా లెక్కిస్తారు. కుర్రాళ్ల జాబితాలేవీ వీటి గురించి చెప్పవు. ఎలా తూచాలి?

జవాబు: మీ లీగ్ కుర్రాళ్లకు అనుకూలమైనది. పాయింట్లు ఆలస్యంగా వస్తాయి, శరీరంతో చేసే పని మొదటి రోజు నుంచే వస్తుంది. బ్రాడీ కచక్ తొలి సీజన్‌లో 71 మ్యాచ్‌ల్లో 45 పాయింట్లే చేశాడు. పాయింట్లు మాత్రమే చూసే లీగ్‌లో అది సాధారణం. హిట్లు, షాట్లు కలిపి లెక్కేసే మీలాంటివారికి అతను ఆ ఏడాదే విలువైనవాడు. హట్సన్ చేసిన 66 పాయింట్లు డిఫెన్స్‌మన్‌కు అద్భుతం. అయితే అందులో గోలులు ఆరే, పైగా అతను ఢీకొట్టి ఆడే రకం కాదు. మీ లీగ్‌లో అతని విలువ జాబితాల్లో కనిపించే దానికంటే కొంత తక్కువ.

జూనియర్‌లో హిట్ల లెక్కలు సరిగ్గా దొరకవు కాబట్టి, వీలైతే ఆ కుర్రాడి మ్యాచ్ ఒకటి పూర్తిగా చూడండి. పక్ మూలకు వెళ్లినప్పుడు మొదట చేరేది అతనా, లేక మరొకరు తెచ్చిస్తారని వల ముందు ఆగేవాడా గమనించండి. మొదటి రకం కుర్రాడైతే, జాబితాలో ఇరవై స్థానాలు కింద ఉన్నా మీ లీగ్‌లో అతనికే ఎక్కువ ధర కట్టండి.